అమ్మ ముగ్గుల పుస్తకం: 66 బొమ్మలను ఇంక్‌స్కేప్‌లో ఆరు షీట్లుగా కూర్చిన ప్రాజెక్టు డైరీ

మా అమ్మ రూళ్ల నోటుబుక్కులో ఏళ్ల తరబడి వేసిపెట్టుకున్న 66 ముగ్గులను ఆరు ఏ3 షీట్ల మీద అచ్చు వేయించి అక్కచెల్లెళ్ల ఇళ్లకు పంపడం ఈ పని ఉద్దేశం. చాలా బొమ్మలను ఒకేసారి ఒక వెక్టర్ (పిక్సెళ్లతో కాక గీతల లెక్కలతో బొమ్మను దాచే) డాక్యుమెంటులోకి తెచ్చుకోవలసిన వారెవరికైనా ఇందులోని కొలతలూ, నేను చేసిన తప్పులూ పనికి వస్తాయని ఈ డైరీ రాస్తున్నాను. నేను వాడినవి ఉబుంటు మీద ఇంక్‌స్కేప్ 1.3 (వెక్టర్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్), ఏ4 ఫ్లాట్‌బెడ్ స్కానరు, కొన్ని ఫొటోలకు ఫోను, బొమ్మల ఫైళ్లను ఆదేశాలతో మార్చే ఇమేజ్‌మ్యాజిక్, ప్రోగ్రాములు రాసే భాష పైథాన్, ఒక స్టీలు స్కేలు. కంప్యూటర్ మెమరీ 8 జీబీ.

ముందుగా ఒక నిర్ణయం చెప్పాలి. ముగ్గులను ట్రేస్ చేసి వెక్టర్ గీతలుగా మార్చే సదుపాయం ఇంక్‌స్కేప్‌లో ఉంది, కానీ నేను దాన్ని వాడలేదు. రెండు ముగ్గుల మీద ప్రయత్నించి చూస్తే పెన్సిల్ చుక్కల్లో కొన్ని మాయమయ్యాయి, మరికొన్ని పక్క గీతతో అతుక్కున్నాయి. చుక్కలు లేని ముగ్గును చూసి ఎవరూ తిరిగి వేయలేరు. అందువల్ల బొమ్మలు బొమ్మలుగానే ఉండాలని, పేర్లూ చుక్కల లెక్కలూ మాత్రం వెక్టర్ అక్షరాలుగా ఉండాలని నిశ్చయించుకున్నాను.

దశ 1: స్కానింగ్

నోటుబుక్కు పేజీ వెడల్పు 160 మి.మీ., ఎత్తు 200 మి.మీ., రూళ్ల మధ్య దూరం 8 మి.మీ. అమ్మ చుక్కలన్నీ రూళ్ల మీదే పెట్టింది కాబట్టి ఈ 8 మి.మీ. కొలత చివరి దాకా నాకు ప్రమాణంగా ఉపయోగపడింది. 60 ముగ్గులు ఒక్కో పేజీలో ఉన్నాయి. కనుమ నాడు వాకిట్లో వేసే రథం ముగ్గులు ఆరు మాత్రం ఎదురెదురు పేజీల మీద 320 మి.మీ. వెడల్పున పరుచుకున్నాయి.

ఒంటి పేజీలను 300 డీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్లు) స్కాన్ చేశాను. అంచులు కత్తిరించాక ఒక్కో బొమ్మ సుమారు 1890 × 2362 పిక్సెళ్లు, 1.4 ఎంబీ వచ్చింది. రథం ముగ్గులను స్కానరు మీద అదిమితే పుస్తకం కుట్టు తెగిపోయేలా ఉండడంతో, వాటిని కిటికీ వెలుతురులో ఫోనుతో తీశాను. కత్తిరించాక అవి 3600 × 2250 పిక్సెళ్లు, ఒక్కొక్కటి దాదాపు 4 ఎంబీ.

ఫోను ఫొటోల విషయంలో ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఫొటో ఏ దిశలో ఉందన్నది చాలాసార్లు పిక్సెళ్లలో కాక, ఫైలులో ఒక గుర్తుగా మాత్రమే నమోదవుతుంది. ఆ గుర్తును అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒకేలా పట్టించుకోవు. అందుకని ఆరింటినీ ముందే నిజంగా తిప్పి సేవ్ చేశాను.

ఇప్పటికి: 66 బొమ్మలు, 108 ఎంబీ, 7 గంటలు.

దశ 2: మొదటి ఇంపోర్ట్, 144 ఎంబీ ఫైలు

ఫైల్ మెనూలో ఇంపోర్ట్ తెరిచి, షిఫ్ట్ నొక్కి 66 ఫైళ్లనూ ఒకేసారి ఎంచుకున్నాను. బొమ్మను ఫైలు లోపలే దాచాలా (ఎంబెడ్), దాని చిరునామా మాత్రమే రాసుకోవాలా (లింక్), డీపీఐ ఎక్కడి నుంచి తీసుకోవాలి అని అడిగే పెట్టె ప్రతి బొమ్మకూ విడివిడిగా వచ్చింది. తొమ్మిదో బొమ్మ దగ్గర గానీ, అదే పెట్టెలో మళ్లీ అడగవద్దని చెప్పే గడి ఉందని నేను గమనించలేదు. దాన్ని టిక్ చేస్తే మిగిలినవన్నీ అదే ఎంపికతో వచ్చేస్తాయి. తర్వాత ఎంపిక మార్చుకోవాలంటే ప్రిఫరెన్సెస్‌లో ఇంపోర్టెడ్ ఇమేజెస్ అన్న భాగానికి వెళ్లాలి.

నేను ఎంబెడ్ ఎంచుకున్నాను. అది తప్పు. ఇంక్‌స్కేప్ సేవ్ చేసే ఎస్వీజీ ఫైలు లోపల ఉండేదంతా అక్షరాలే కాబట్టి, ఎంబెడ్ చేసిన బొమ్మను బేస్64 పద్ధతిలో అక్షరాలుగా మార్చి రాస్తారు. అందులో ప్రతి 3 బైట్లకు 4 అక్షరాలు ఖర్చవుతాయి, అంటే పరిమాణం మూడోవంతు పెరుగుతుంది. 108 ఎంబీ బొమ్మలు 144 ఎంబీ ఫైలయ్యాయి. సేవ్ చేసిన ప్రతిసారీ, ఆటోసేవ్ జరిగిన ప్రతిసారీ కంప్యూటర్ కదలకుండా నిలిచిపోయింది.

దానికంటే పెద్ద నష్టం వేరే ఉంది. ఎంబెడ్ అయిన బొమ్మకు అసలు ఫైలు పేరుతో సంబంధం పోతుంది. ఆబ్జెక్ట్స్ ప్యానెల్‌లో అన్నీ ఇమేజ్ అన్న మాట పక్కన ఏదో ఒక అంకెతో కనిపించాయి. 23వ ముగ్గు ఏదో తెలుసుకోవాలంటే పుస్తకం తెరిచి పోల్చుకోవడం తప్ప వేరే దారి లేకపోయింది.

పేర్ల క్రమంలోనూ పొరపాటు దొర్లింది. స్కానరు ఇచ్చిన పేర్లు 1, 2, 3 అని సాగాయి. అక్షరక్రమంలో పేర్చే చోట 1 తర్వాత 10, 11 వచ్చి, 19 దాటాక గానీ 2 రాదు. ఆ ఫైలును పక్కన పడేసి ఇలా మార్చుకున్నాను:

1. అన్ని ఫైళ్లకూ 01 నుంచి 66 వరకు రెండంకెల పేర్లు పెట్టాను. 01 నుంచి 60 ఒంటి పేజీలు, 61 నుంచి 66 రథాలు.
2. ఫోల్డరు పేరును తెలుగులో కాకుండా చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టాను. తెలుగు పేరుతోనూ లింకులు పనిచేస్తాయి. అయితే ఎస్వీజీలో ఒక్కో తెలుగు అక్షర సంకేతం శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలుగా మారడం వల్ల, లింకు ఎక్కడ తెగిందో కంటితో చదివి పట్టుకోవడం సాధ్యం కాదు.
3. ఎస్వీజీ ఫైలును బొమ్మల ఫోల్డరు పక్కనే ఉంచాను.

ఇప్పటికి: 66 బొమ్మలు తెచ్చి 66 తీసేశాను, 10 గంటలు.

దశ 3: లింకుతో రెండో ఇంపోర్ట్, 19 పెద్ద బొమ్మలు

ఈసారి లింక్ ఎంచుకున్నాను. ఎస్వీజీలో బొమ్మలకు బదులు వాటి చిరునామాలే ఉన్నందున ఫైలు పరిమాణం 100 కేబీ లోపే ఉంది, సేవ్ వెంటనే అయింది.

కానీ 60 ఒంటి పేజీల్లో 41 మాత్రమే సరైన పరిమాణంలో, 160 × 200 మి.మీ.గా వచ్చాయి. మిగతా 19 బొమ్మలు 500 × 625 మి.మీ.గా వచ్చి షీటు దాటి బయటికి పరుచుకున్నాయి. స్కేలుతో కొలిచాక కారణం తెలిసింది. 500ను 160తో భాగిస్తే 3.125 వస్తుంది, 300ను 96తో భాగించినా అదే వస్తుంది. ఆ 19 బొమ్మల అంచులను నేను వేరే సాఫ్ట్‌వేర్‌లో కత్తిరించాను, అది తిరిగి సేవ్ చేసేటప్పుడు డీపీఐ సమాచారాన్ని వదిలేసింది. ఫైలులో డీపీఐ లేకపోతే ఇంక్‌స్కేప్ తన సొంత లెక్క ప్రకారం అంగుళానికి 96 పిక్సెళ్లని తీసుకుంటుంది. 2017లో వచ్చిన 0.92 వెర్షన్ కంటే ముందు ఆ లెక్క 90 ఉండేది, కాబట్టి పాత ఫైళ్లను తెరిచేవారు ఈ తేడానూ గుర్తుంచుకోవాలి.

ఇమేజ్‌మ్యాజిక్‌తో ఆ 19 ఫైళ్లకూ 300 డీపీఐ గుర్తు తిరిగి రాశాను. అందులోని మొగ్రిఫై ఆదేశం అసలు ఫైలు మీదే రాసేస్తుంది కాబట్టి ముందుగా ఫోల్డరు మొత్తానికి ఇంకో కాపీ తీసుకున్నాను. ఇప్పుడు 60 బొమ్మలూ ఒకే కొలతకు వచ్చాయి.

ఇప్పటికి: 66 లింకులు, 12 గంటలు.

దశ 4: వరుసలూ నిలువు వరుసలూ

షీటు కొలతలు ఇలా వేసుకున్నాను. ఏ3 నిలువుగా 297 × 420 మి.మీ. చుట్టూ 15 మి.మీ. అంచు వదిలితే 267 × 390 మిగులుతుంది. మూడు నిలువు వరుసలైతే ఒక్కోదానికి 89 మి.మీ., నాలుగు అడ్డు వరుసలైతే ఒక్కోదానికి 97.5 మి.మీ. దక్కుతుంది. ఒక్కో గడిలో బొమ్మ 68 × 85 మి.మీ., దాని కింద పేరుకు 12.5 మి.మీ. షీటుకు 12 ముగ్గులు, 60 ముగ్గులకు ఐదు షీట్లు.

బొమ్మలన్నింటినీ 68 మి.మీ.కు తగ్గించడానికి ట్రాన్స్‌ఫార్మ్ ప్యానెల్ వాడాను. అందులో ప్రతి వస్తువుకూ విడిగా వర్తించే గడిని టిక్ చేయకపోతే, ఎంచుకున్న 12 బొమ్మలనూ ఒకే ముద్దగా లెక్కించి ఆ మొత్తాన్ని 68 మి.మీ.కు కుదిస్తుంది. ఇది ఒకసారి జరిగింది, అన్‌డూ చేసి సరిచేశాను.

అసలు చిక్కు ఆ తర్వాత ఎదురైంది. అలైన్ అండ్ డిస్ట్రిబ్యూట్ ప్యానెల్‌లో గ్రిడ్ అమరిక నొక్కితే 12 ముగ్గులూ చక్కగా 3 × 4 గడుల్లోకి వెళ్లాయి గానీ, క్రమం 07, 02, 11, 05 అని ఎలాగో వచ్చింది. ఆ అమరిక ఫైలు పేరును చూడదు, షీటు మీద బొమ్మ ప్రస్తుతం ఎక్కడుందో దాన్ని చూస్తుంది. ఒకేసారి ఇంపోర్ట్ చేసిన బొమ్మలన్నీ ఒకే మధ్యబిందువు మీద, ఒకదానిపై ఒకటి పేర్చినట్టు వచ్చి కూర్చుంటాయి. నేను అంచులు కత్తిరించినప్పుడు వచ్చిన ఒకటి రెండు పిక్సెళ్ల తేడాలే వాటి స్థానాల్లో తేడాలు. ఆ తేడాలను బట్టి వచ్చిన క్రమానికి అర్థమేమీ ఉండదు.

మొదటి షీటును చేత్తో లాగి సరిచేయడానికి గంటంబావు పట్టింది. పది బొమ్మల లోపు పనికైతే ఈ పద్ధతి చాలు. 66 బొమ్మలకు ఇది సరిపోదని తేలిపోయాక ఆపేశాను.

ఇప్పటికి: 1 షీటు, 12 ముగ్గులు, 14.5 గంటలు.

దశ 5: పైథాన్‌తో ఎస్వీజీ రాయించడం

ఎస్వీజీ అక్షరాల ఫైలే కాబట్టి, ఏ బొమ్మ ఎక్కడ ఉండాలో లెక్కగట్టి రాసే పనిని ఒక చిన్న పైథాన్ స్క్రిప్టుకు (ఆదేశాల ఫైలుకు) అప్పగించాను. పద్ధతి ఇది:

1. షీటు వెడల్పు 297 మి.మీ., ఎత్తు 420 మి.మీ. అని, వ్యూబాక్స్ (షీటు లోపలి కొలతల చట్రం) 0 0 297 420 అని రాయాలి. అప్పుడు ఫైలులోని ఒక యూనిట్ సరిగ్గా ఒక మి.మీ. అవుతుంది, మార్పిడి లెక్కలు ఉండవు.
2. షీటులో ముగ్గు వరుస సంఖ్య నుంచి ఒకటి తీసేసి 3తో భాగించాలి. శేషం నిలువు వరుస, భాగఫలం అడ్డు వరుస.
3. ఎడమ నుంచి దూరం: 15 + 89 × నిలువు వరుస + 10.5. ఆ 10.5 బొమ్మను గడి మధ్యకు తెస్తుంది.
4. పై నుంచి దూరం: 15 + 97.5 × అడ్డు వరుస.
5. పేరు అక్షరాల పునాది గీత, బొమ్మ అడుగు నుంచి 8 మి.మీ. కింద.

ఉదాహరణకు ఎనిమిదో ముగ్గు తీసుకుంటే, 7ను 3తో భాగిస్తే భాగఫలం 2, శేషం 1. ఎడమ నుంచి 114.5 మి.మీ., పై నుంచి 210 మి.మీ. ఇంక్‌స్కేప్‌లో తెరిచి చూస్తే పై పట్టీలో ఆ అంకెలే కనిపించాయి. వెడల్పు, ఎత్తు స్క్రిప్టే రాస్తుంది కాబట్టి మూడో దశలో రెండు గంటలు తిన్న డీపీఐ సమస్య ఇక్కడ అసలు తలెత్తదు. ముందే ఈ దారి పట్టి ఉంటే ఆ సమయం మిగిలేది.

ఈ దశలో రెండు తప్పులు జరిగాయి. మొదటిది పేర్ల పట్టికలో. ముగ్గు సంఖ్య, పేరు, చుక్కల లెక్క అనే మూడు అంశాలను కామాలతో విడదీసి రాశాను. అయితే అమ్మ లెక్కలన్నీ "15 చుక్కలు, సందు చుక్క 8 వరకు", "9 చుక్కలు, ఎదురు చుక్క 1 వరకు" అనే తీరులో ఉన్నాయి. లెక్క మధ్యలోనే కామా ఉన్నందున స్క్రిప్టు అక్కడే కోసేసింది, ముగ్గు కింద "15 చుక్కలు" అని మాత్రమే వచ్చింది. ఎన్ని చుక్కల దాకా తగ్గించాలో, సందు చుక్కో ఎదురు చుక్కో చెప్పకపోతే ఆ లెక్క ఎవరికీ ఉపయోగపడదు. కామాల బదులు ట్యాబ్‌లు పెట్టి సరిచేశాను.

రెండోది రథం ముగ్గుల దగ్గర జరిగింది, దానికే ఎక్కువ సమయం పట్టింది. ఇంక్‌స్కేప్ సేవ్ చేసిన నా పాత ఫైలులో బొమ్మ ట్యాగును (బొమ్మను చేర్చే వాక్యాన్ని) చూసి నకలు చేసుకున్నాను. అందులో ప్రిజర్వ్‌యాస్పెక్ట్‌రేషియో అన్న గుణానికి నన్ అనే విలువ ఉంది. అంటే ఇచ్చిన వెడల్పు, ఎత్తులకు బొమ్మను ఎటైనా సాగదీయవచ్చని అర్థం. ఒంటి పేజీల నిష్పత్తి గడి నిష్పత్తితో సరిపోయినందున వాటిలో ఏ తేడా కనిపించలేదు. 320 × 200 మి.మీ. రథాలు మాత్రం 68 × 85 గడిలో ఇరుక్కుని, అడ్డంగా నిలువు కంటే రెట్టింపు కుదించుకుపోయాయి. పుస్తకంలో 40 మి.మీ. వ్యాసంతో గుండ్రంగా ఉన్న రథచక్రం తెర మీద 8.5 మి.మీ. వెడల్పు, 17 మి.మీ. ఎత్తుతో కోడిగుడ్డులా నిలబడింది.

ఆ గుణాన్ని తీసేస్తే ఎస్వీజీ నియమం ప్రకారం బొమ్మ తన నిష్పత్తిని నిలుపుకొని గడిలో ఇమిడినంత మేర మధ్యలో కూర్చుంటుంది. చక్రాలు గుండ్రంగా వచ్చాయి, కానీ రథం ఎత్తు 42.5 మి.మీ.కు పడిపోయి చుక్కలు కనిపించలేదు. తొంభై డిగ్రీలు తిప్పితే స్థలం సరిపోతుంది గానీ, పక్కకు పడుకున్న రథాన్ని అమ్మకు చూపించడానికి నాకు మనసొప్పలేదు. అందుకే రథాలకు ఆరో షీటును విడిగా కేటాయించాను. రెండు నిలువు వరుసలు, మూడు అడ్డు వరుసలు, ఒక్కో రథం 120 × 75 మి.మీ.

ఇప్పటికి: 6 షీట్లు, 66 ముగ్గులు, 19.5 గంటలు.

దశ 6: ఎంత స్పష్టత చాలు

68 మి.మీ. వెడల్పులో 1890 పిక్సెళ్లంటే అంగుళానికి దాదాపు 706 పిక్సెళ్లు. అది అవసరానికి మించినది. ఎంత చాలునో తేల్చడానికి ఒకే ముగ్గును మూడు రకాలుగా తగ్గించి, ఇంట్లోని ప్రింటరు మీద ఒకే ఏ4 కాగితంపై పక్కపక్కనే వేశాను.

పుస్తకంలో పెన్సిల్ చుక్క వ్యాసం సుమారు 1 మి.మీ. షీటు మీదికి వచ్చేసరికి అది 0.425 మి.మీ. అవుతుంది. 150 డీపీఐలో ఆ చుక్కకు దక్కేవి రెండున్నర పిక్సెళ్లు, కాబట్టి అది నీలి రూళ్ల మీద బూడిద మరకలా మిగిలింది. 300లో ఐదు పిక్సెళ్లు దక్కి చుక్క చుక్కగా నిలిచింది. 600కూ 300కూ మధ్య నాకు గానీ అమ్మకు గానీ తేడా తెలియలేదు.

ఒంటి పేజీలను 803 × 1004 పిక్సెళ్లకు, రథాలను 1417 × 886 పిక్సెళ్లకు తగ్గించి వేరే ఫోల్డరులో అవే పేర్లతో పెట్టాను. స్క్రిప్టులో ఫోల్డరు పేరు ఒక్కటి మార్చితే ఆరు షీట్లూ కొత్త బొమ్మలను అందుకున్నాయి. అంచులను ఇంక్‌స్కేప్‌లో క్లిప్ చేసుకోవచ్చు కదా అని అనుకునేవారికి ఒక మాట: క్లిప్ చేసిన భాగం కనిపించదే తప్ప ఫైలులో అలాగే ఉంటుంది, పరిమాణం ఏమీ తగ్గదు.

ఇప్పటికి: 66 బొమ్మలు, 108 ఎంబీ నుంచి 15.6 ఎంబీకి తగ్గింపు, 21.5 గంటలు.

దశ 7: అచ్చు

పెన్‌డ్రైవ్‌లో ఆరు ఎస్వీజీ ఫైళ్లు మాత్రమే వేసుకుని డీటీపీ షాపుకు వెళ్లాను. బొమ్మల ఫోల్డరు ఇంట్లోనే ఉండిపోయింది. షాపతను ఫైలు తెరిచి, "అండీ, బొమ్మలేవీ రాలేదు, అక్షరాలు కూడా వేరే ఫాంటులో పడుతున్నాయి. పీడీఎఫ్ ఉంటే ఇవ్వండి" అన్నాడు. లింకు అంటే చిరునామా మాత్రమేనని తెలిసి కూడా చేసిన పొరపాటు ఇది, ఒక పూట వృథా అయింది.

ఇంటికి వచ్చి ప్రతి షీటునూ పీడీఎఫ్‌గా సేవ్ చేశాను. అప్పుడు వచ్చే పెట్టెలో అక్షరాలను పాత్‌లుగా (గీతల ఆకారాలుగా) మార్చే ఎంపిక తీసుకున్నందువల్ల, షాపులో నేను పేర్లకు వాడిన మండలి ఫాంటు లేకపోయినా ఒత్తులూ గుడింతాలూ చెదరవు. పాత్‌లుగా మారాక అక్షరదోషాలు దిద్దుకోలేం కాబట్టి అసలు ఎస్వీజీలను మార్చకుండా దాచాను. ఫైలు భద్రపరచడానికి మాత్రం ఎక్స్‌టెన్షన్స్ మెనూలోని ఎంబెడ్ సదుపాయంతో ఒక్కో షీటుకూ ఇంకో కాపీ చేశాను. ఒంటి పేజీల షీటు ఒక్కొక్కటి 3.5 ఎంబీ వచ్చింది, మొదటి రోజు 144 ఎంబీతో పోలిస్తే అది మోయగలిగిన బరువే.

మొదటి అచ్చులో బొమ్మ ఎత్తును స్కేలుతో కొలిస్తే 85 ఉండాల్సినది 82.5 మి.మీ. ఉంది. ప్రింటరు అమరికలో కాగితానికి సరిపెట్టే ఎంపిక ఉండడంతో అంతా 97 శాతానికి తగ్గింది. అసలు పరిమాణం, 100 శాతం అని మార్చి వేయిస్తే 85 వచ్చింది. ఇరవై రూళ్ల దూరం కూడా కొలిచాను, 68 మి.మీ. ఉండాలి, 68 ఉంది.

ఇప్పటికి: 6 షీట్లు అచ్చయ్యాయి, 25 గంటలు.

దశ 8: 41వ ముగ్గు

అమ్మ షీట్లను మంచం మీద పరుచుకుని ఒక్కొక్కటే వేలితో చూసుకుంటూ వచ్చి నాలుగో షీటు దగ్గర ఆగింది. "ఇది తలకిందులుగా పెట్టావురా నాన్నా, దీపాల వత్తులు కిందికి ఉన్నాయి చూడు" అంది. అది 41వ ముగ్గు. నాలుగు వైపులా ఒకేలా ఉన్న మెలికల మధ్యలో ఉన్న ఐదు చిన్న దీపాలు తప్ప తేడా చెప్పేది మరేదీ లేదు. స్కానరు మీద పేజీని నేనే తిరగేసి పెట్టాను, ఇన్ని దశల్లో ఇన్నిసార్లు చూసినా నా కంటికి అది ఆనలేదు.

41వ బొమ్మను రెండు ఫోల్డర్లలోనూ 180 డిగ్రీలు తిప్పి అదే పేరుతో సేవ్ చేశాను. ఎస్వీజీని ముట్టుకోనవసరం లేకపోయింది, తెరవగానే వత్తులు పైకి ఉన్నాయి. నాలుగో షీటు పీడీఎఫ్, ఎంబెడ్ కాపీ మళ్లీ చేసి ఆ ఒక్క షీటునే తిరిగి వేయించాను. మిగిలిన 59 ఒంటి పేజీలనూ అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చూపించాను, ఇంకేవీ తిరగబడలేదు.

మొత్తం: 66 ముగ్గులు, 6 షీట్లు, 1 తిరుగు అచ్చు, 26 గంటలు.